ఒత్తిగిలి పడుకున్న మద్దిమాను

"పడుకో ముత్యాలమ్మా," అంది సుజన, షెడ్డు నేలమీద నల్లటి పట్టా పరుస్తూ.

ముత్యాలమ్మ గరుకు కాగితం చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది. వంగి చేసే పనులూ నిలబడి చేసే పనులూ గొమ్ముపాడులో కావలసినన్ని ఉన్నాయి గానీ, పడుకుని చేసే పని ఒకటుందని గోదావరి పుట్టిన దగ్గర్నుంచీ ఆ ఊళ్ళో ఎవరూ వినలేదు.

"నాకు నడుం నొస్తలేదు మేడమ్."

"నొప్పి కోసం కాదు. ఇంట్లో రోజూ ఎట్లా పడుకుంటావో అట్లా పడుకో. బొమ్మ కోసం."

బొమ్మ కోసమంటే సరే. ముత్యాలమ్మ చీర దులుపుకుని, ఎడమ పక్కకు ఒత్తిగిలి, అరచెయ్యి చెంపకింద పెట్టుకుని, మోకాళ్ళు కాస్త ముడుచుకుని పడుకుంది. పట్టా చూస్తే ఎద్దుల జత పడుకునేంత ఉంది. ఆమె మాత్రం దాని అంచుకు పోయి, ఇంకొంచెం కదిలితే మట్టిలో పడేట్టు పడుకుంది.

"అంత చోటు పెట్టుకుని అంచుకు పోయావేంటి? వెనక్కి జరుగు."

"గిట్లనే అలవాటు మేడమ్."

సుజన సుద్దముక్క తీసుకుని తల దగ్గర మొదలుపెట్టి, మెడ వెనకగా వీపు వంపు వెంబడి మడమల దాకా గీసి, మోకాళ్ళ మలుపు తిప్పుకుని మళ్ళీ తల దగ్గరికి తెచ్చి కలిపింది. ఇక లేవమంది. ముత్యాలమ్మ లేచి చూసింది. నల్లటి పట్టా మీద తెల్లటి గీత, గీతలోపల ఎవరూ లేరు. చూసి, ఏమీ అనిపించక, తన పనికి తను పోయింది.

ఆమె పని మానుకు నునుపు పెట్టడం. అది ఏరుమద్ది మాను. ఎక్కడో అడవిలో వేళ్ళతో సహా లేచి, వరదలో రాళ్ళకు రుద్దుకుని బెరడంతా పోగొట్టుకుని, గొమ్ముపాడు ఒడ్డుకు వచ్చి ఆగింది. మనిషి పొడవుకు కొంచెం ఎక్కువ, మోకాళ్ళుండాల్సిన చోట వంకర. సుజన మధిరలో వడ్లమిల్లు ఉన్నవాళ్ళ ఇంటి పిల్ల. శిల్పం చదువుకుని, హైదరాబాదులో పేరు తెచ్చుకుని, ఈ అడవి అంచున పొగాకు ఆరబెట్టే పాత బ్యారను అద్దెకు తీసుకుని షెడ్డు చేసుకుంది. ఊళ్ళోవాళ్ళు మొదట ఆమెను తలుపులు చేసే వడ్రంగి అనుకున్నారు. తర్వాత దేవుళ్ళ బొమ్మలు చేస్తుందనుకున్నారు. ఆ తర్వాత అనుకోవడమే మానేశారు.

ఆమె పద్ధతే వేరు. మానులోంచి మనిషిని చెక్కదు, మానులో మనిషి ఎక్కడెక్కడ ఉన్నాడో వెతుకుతుంది. కొమ్మ విరిగిన మచ్చ దగ్గర భుజం, బుడిపె దగ్గర తుంటి, నీళ్ళు కోసిన గాడి దగ్గర వెన్ను. ఉలి వేసిందంటే అది ఉన్నదాన్ని కాస్త గుర్తు చేయడానికే. ముందువైపు వరద ఎలా వదిలిపెట్టిందో అలాగే చీలికలతో ఉంచేసింది. వీపు మాత్రం ఒంటి చర్మమంత నునుపు రావాలి. ముఖం లేదు. తల ఉండే చోట మాను దానంతటదే గుండ్రంగా అరిగిపోయింది.

"కళ్ళు మూసుకుని అరచేత్తో నిమురు. చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ రుద్దు," అని నేర్పింది సుజన.

ముత్యాలమ్మ కళ్ళు మూసుకుని నిమిరేది. చెయ్యి ఎక్కడా ఆగేది కాదు. ఆ చేతికి నునుపూ తెలియదు, గరుకూ తెలియదు. మిరపకాయల తొడిమలు తీసి తీసి మొద్దుబారిందో, ఈ కాగితం రుద్ది రుద్ది మొద్దుబారిందో, మొగుణ్ణి తీసుకుపోయిన వరదప్పటి నుంచే అలా ఉందో, ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. అందుకని మాను వీపుకు చెంప ఆనించి మెల్లగా జరిపేది. చెంప ఎక్కడ గీరుకుంటే అక్కడ కాగితం వేసేది. సుజన దూరం నుంచి చూసి, ఎంత ప్రేమగా చేస్తోందో అనుకునేది. చెంపకు చెక్కపొడి అంటుకుని ఇంటికిపోతే ఇరుగుపొరుగులు పౌడరు రాసుకుందనుకునేవారు. ఇద్దరివీ తప్పు లెక్కలే.

బొమ్మ పని ముగింపుకొచ్చాక ఒక మధ్యాహ్నం ఆదాము వచ్చాడు. ముత్యాలమ్మ భర్త షాలేమ్‌రాజుకు బాబాయి, ఆమెకు చిన్నమామ. ఊళ్ళో పోయిన క్రైస్తవులందరికీ సమాధులు కట్టిన మేస్త్రి. ఆయన చెప్పేవాటిలో నిజమేదైనా ఉంటే అది పొరపాటున దొర్లిందే తప్ప ఆయన తప్పు కాదు.

"సున్నం నానెయ్య డ్రమ్ము కావాలె మేడమ్. సమాధుల పండుగొచ్చింది గదా," అంటూ మాను చుట్టూ ఓసారి తిరిగాడు. "గీయన ఎవలే కోడలా? అంగి లేదు, మొకం లేదు. గింత నిమ్మళంగ పండిండంటే సర్కారు నౌకరే అయ్యుండాలె."

"నేనే మామా. నన్ను జూసే చేస్తుంది మేడమ్."

"నువ్వా? గింత లావు ఎప్పుడైనవే?" అని, సుజన వైపు తిరిగాడు. "మాను మంచిదే మేడమ్. గని మా షాలేముగాడు కొక్కెమేసిన మాను ముందల గిది పండ్లల్ల పెట్టుకునే పుల్ల."

షాలేమ్‌రాజు వరదలో కొట్టుకొచ్చే మాన్లకు తాడు కట్టిన కొక్కెం విసిరి ఒడ్డుకు లాగేవాడు. ఒక వరదలో కొక్కెం పట్టిన మాను అతన్నే లాక్కుపోయింది. ఒళ్ళు దొరకలేదు. ఊళ్ళో మిగతా అందరూ ఇంతే చెప్తారు. ఆదాము ఇలా చెప్తాడు:

"ఆ మాను తల భద్రాచలం బిర్జి కాడ ఉంటే తోక ఏటూరునాగారం కాడ ఉన్నది. మావోడు తల కాడ కొక్కెమేసి పైకెక్కిండు. ఎక్కినోడు ఊకుంటడా? తోక ఎట్లున్నదో చూసొస్తనని నడుసుకుంట పోయిండు. నడుస్తనే ఉన్నడు. మొన్న లారీ డ్రైవరొకడు యానాంల చూసిన్నని చెప్పిండు. గడ్డం గూడ పెరిగిందంట."

నవ్వాలో వద్దో తెలియక సుజన ముత్యాలమ్మ వైపు చూసింది. ముత్యాలమ్మ కాగితం అరిగిన మడత లోపలికి పెట్టి కొత్త మడత పైకి తీసుకుంటోంది.

*

సమాధుల తోట ఊరికీ షెడ్డుకూ నడుమ, మట్టిబాట పక్కన ఉంది. పండుగకు ముందు ఇంటికొకరు చొప్పున వచ్చి గడ్డి పీకడం ఆనవాయితీ. ముత్యాలమ్మ అత్త సమాధి చుట్టూ వయ్యారిభామ మొక్కల్ని వేళ్ళతో లాగి కుప్ప వేస్తోంది. ఆ కుప్పకు అవతల ఉపదేశి ఇన్నయ్య, చేతిలో తాడుతో, కూలిపోయిన ప్రహరీ పునాది వెంబడి నేలను కొలుస్తున్నాడు.

ఫాదర్ గారు పండుగలకే వస్తారు. మిగతా రోజుల్లో గొమ్ముపాడులో దేవుడి వ్యవహారమంతా ఇన్నయ్యదే. ఆయన స్తోత్రం అందుకుంటే గోదావరి అవతలి ఒడ్డున మేకలు మేత మాని తలలెత్తుతాయని ప్రతీతి. భక్తితోనా, భయంతోనా అన్నది మేకలు చెప్పలేదు.

ముత్యాలమ్మ లేచి ఆయన దగ్గరికి పోయింది.

"ఉపదేశిగారు, గా గోడవార జాగల..."

"మళ్ళ గదేనా ముత్యాలమ్మా? పోయిన పండుగకే చెప్పిన గదమ్మా. తోట నిండింది. మిగిలింది గీ గోడవార ముక్క ఒక్కటే. పండుగ కాంగనె గోడ లేపాలె, జాగ పంచాలె. ముందుగాల అడిగి పెట్టుకున్నోల్లున్నరు. శవమున్నోల్లకే సాలక సస్తుంటే శవం లేనోనికి ఏడ ఇస్తం?"

"పెట్టెల ఆయన అంగి పెడ్త. పెండ్లినాటిది ఉన్నది."

"అంగికి ఆత్మశాంతి ప్రార్థన ఎట్ల చెయ్యాలె తల్లీ? నేనెక్కడ సదువలే గట్ల." ఇన్నయ్య తాడు చుట్టుకుంటూ గొంతు పెంచాడు. చుట్టూ వినేవాళ్ళుంటే ఆయనకు గొంతు దానంతటదే పెరుగుతుంది. "అసలు నువ్వేమో సచ్చిపోయిండంటవ్. మీ మామనేమో యానాంల గడ్డం పెంచిండంటడు. బతికున్నోనికి సమాధి గట్టిన పాపం నాకెందుకమ్మా?"

గడ్డి పీకుతున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. అవతల డ్రమ్ము దొర్లించుకొస్తున్న ఆదాము కూడా నవ్వాడు. నవ్వి, సగంలో ఆగి, డ్రమ్ముకు ఏదో అంటినట్టు వంగి దాని అడుగు చూడసాగాడు.

ముత్యాలమ్మ తిరిగి వచ్చి కూర్చుంది. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. కోపం కూడా రాలేదు. ఆకలేసింది. ఇంటికి పోయి పొద్దటి అన్నంలో పచ్చిపులుసు పోసుకు తిని, మళ్ళీ వచ్చి మిగిలిన మొక్కలు పీకింది.

*

మర్నాడు వాన. బొమ్మను హైదరాబాదు ప్రదర్శనకు తీసుకుపోవాల్సిన వ్యాను, పండుగ తెల్లారి వస్తానంది గానీ, మట్టిబాటలోకి దిగనని ఖరాఖండిగా చెప్పింది. అందుకని సుజన మంగీలాల్ ట్రాక్టరు మాట్లాడి మానును ముందుగానే తారురోడ్డు దగ్గరికి చేరేద్దామనుకుంది. ట్రాక్టరు సమాధుల తోట దాకా బాగానే వచ్చింది. అక్కడ వెనక చక్రం బురదలో కూరుకుపోయి, మంగీలాల్ ఎంత రేసు చేస్తే అంత కిందికి దిగింది.

"ఇంక కొడ్తే పాతాళంల తేలుతం మేడమ్," అన్నాడు మంగీలాల్ దిగుతూ. "బండి తేలికైతెనే ఎక్కుతది. బొమ్మను దించుండ్రి."

దించడానికి ఎత్తయిన పొడినేల అక్కడ ఒక్కటే ఉంది, కూలిన ప్రహరీ వెంబడి. వెదురు బొంగుల మీద దొర్లించి, చివరి సమాధి వరసలోనే, ఆ సమాధికి అడుగు దూరంలో పడుకోబెట్టారు. మాను వీపు పునాది వైపుకు వచ్చింది. పునాదికీ వీపుకూ మధ్య మనిషి పట్టేంత సందు మిగిలింది. సుజన దానిమీద నల్లటి పట్టా కప్పింది. సుద్దగీత ఇంకా పూర్తిగా చెరగలేదు.

"నేను ఖమ్మం వెళ్ళి ప్యాకింగు సామాను తెచ్చుకోవాలి. పండుగ తెల్లారి పొద్దున్నే వ్యానుతో వచ్చేస్తాను," అంది. "దీనిమీద ఒక్క గీత పడకూడదు ముత్యాలమ్మా. ఏడాది పని. నువ్వున్నావనే ధైర్యంతో వెళ్తున్నా."

"సరే మేడమ్."

సమాధుల పండుగంటే ఏమిటో సుజన అడగలేదు. అడిగితే ముత్యాలమ్మ చెప్పేదే. అడగనిదానికి జవాబు చెప్పే అలవాటు ఆమెకు ఆ వరదతోనే పోయింది.

*

ఆదాము డ్రమ్ములో సున్నపురాళ్ళు వేసి నీళ్ళు పోశాడు. డ్రమ్ము బుసబుసమని ఉడికింది. ఒకసారి తన తండ్రి కాలంలో ఇలాంటి డ్రమ్ములో పడిన పిల్లి బైటికి వచ్చేసరికి కొంగ అయిందని చెప్పి, ఆ కొంగ మ్యావుమని అరిచేదని కూడా చెప్పి, పిల్లల్ని డ్రమ్ముకు దూరంగా తరిమాడు.

పండుగకు ముందురోజు సమాధులకు సున్నం వేస్తారు. ఎవరి వాళ్ళకు వాళ్ళు వేసుకుంటారు. ఊరు విడిచిపోయినవాళ్ళవీ, వంశం తెగిపోయినవీ కొన్ని ఉంటాయి. వాటిని దిక్కులేని సమాధులంటారు. వాటికి పెళ్ళికాని పిల్లలు సున్నం వేయాలి. పండుగనాడు తోటలో తెల్లగా లేని సమాధి ఒక్కటి కనబడినా ఊరికి తలవంపులు. ఆ ఏడు ఆ పని బ్లెస్సీది, ఆమె స్నేహితురాళ్ళది. బ్లెస్సీ ఖమ్మంలో నర్సింగు చదువుతూ సెలవుకు వచ్చింది. చేతిలో ఈతమట్ట కుంచె, నెత్తికి తువ్వాలు.

పొద్దెక్కాక చిన్న తుంపర పట్టింది. ఎవరో ఆడవాళ్ళు గోడవార నల్లపట్టా కనబడితే లాక్కుపోయి పిల్లలమీద కప్పారు.

ముత్యాలమ్మ అత్త సమాధికి రెండో పూత వేస్తూ తలెత్తేసరికి, పట్టా లేదు. వానకు తడిసిన మాను నల్లగా, నిగనిగలాడుతూ, వరసలో ఆఖరున ఒత్తిగిలి పడుకుని ఉంది. దానిముందు బ్లెస్సీ నిలబడి ఉంది.

"అత్తా, గిదెవరిది? కొత్త రకం కట్టిండ్రు. పాపం, సుక్క సున్నం పడలే. ఎవరూ రారా దీనికి?"

ముత్యాలమ్మ నోరు తెరిచింది. కాదు అనాలి. అది బొమ్మ అనాలి. మేడమ్ది అనాలి. మూడు మాటలూ నోటి దాకా వచ్చి, తలుపు దగ్గర ఎవరు ముందు పోవాలో తేలని చుట్టాల్లాగా నిలబడిపోయాయి.

"దిక్కులేనిదే అయుంటది," అనుకుని బ్లెస్సీ కుంచె ముంచింది.

మొదటి గీత భుజం మీద పడింది. భుజం నుంచి సన్నగా కారి, వెన్ను గాడిలోకి దిగి, ముత్యాలమ్మ చెంప పెట్టి పెట్టి నునుపు చేసిన వీపు వెంబడి పోయింది. ఒక్క గీత పడకూడదు అన్న మాట ఆమెకు గుర్తొచ్చింది. ఇంకెవరికో చెప్పిన మాటలా గుర్తొచ్చింది. రెండో గీత పడింది. మూడోదానికి లెక్క పోయింది.

ముత్యాలమ్మ నడిచి వెళ్ళింది. ఆపడానికే వెళ్తున్నాననుకుంది. దగ్గరికి పోయేసరికి మోకాలి వంపు వెనక కుంచె అందని చోట నల్లగా మిగిలి ఉండటం కనబడింది. వంగి, బకెట్టులో చెయ్యి ముంచి, ఆ వంపులో అరచేత్తో సున్నం పూసింది. తర్వాత మడమలకు పూసింది. చెయ్యి మళ్ళీ ముంచి చుట్టూ నేలమీద కూడా చల్లింది, అందరి సమాధుల చుట్టూ చల్లినట్టే.

ఆదాము ఇంకో బకెట్టు మోసుకొచ్చి అక్కడే ఆగిపోయాడు. అదేమిటో ఆయనకు తెలుసు. ఆయన మాను వైపు చూశాడు, కోడలి వైపు చూశాడు. ఊరంతా ఎదురుచూసే చోట ఆయన నోటి నుంచి ఒక్క పరాచికం రాలేదు.

"కుంచె తీస్కో కోడలా. పచ్చి సున్నం. చేతులు కాల్తయి."

"తెలుస్తలేదు మామా," అంది ముత్యాలమ్మ.

*

పండుగనాటి సాయంత్రం ఫాదర్ గారు వచ్చారు. మొగలిరేకులూ బంతిపూలూ అగరొత్తులూ కలిసి తోటంతా ఒక్కటే వాసన. ప్రతి సమాధి మీదా కొవ్వొత్తులు. బ్లెస్సీ కట్టలోంచి ఒకటి తీసి ముత్యాలమ్మ చేతిలో పెట్టింది.

"ఒకటి మిగిలింది అత్తా. గా దిక్కులేనిదాని కాడ పెట్టు."

ముత్యాలమ్మ వెలిగించి మాను తల దగ్గర నిలబెట్టింది. మైనం కారి వేళ్ళమీద పడింది. చూసి తుడుచుకుంది. పక్క సమాధి దగ్గర సరళ తన మొగుడి పేరు పిలిచి పిలిచి ఏడుస్తోంది. నిరుడు ఆ మొగుణ్ణి తిట్టిన తిట్లు ఊరంతా విన్నవే. అయినా ఏడవడానికి ఆమెకు పైకి లేచిన ఇటుకలున్నాయి, వాటిమీద రాసిన పేరుంది. ముత్యాలమ్మ ఆ ఏడుపు వింటూ నిలబడింది. దూరాన ఎవరింట్లోనో రేడియో మోగుతున్నట్టుంది.

ఫాదర్ గారు వరస వెంబడి దీవెన నీళ్ళు చల్లుతూ వస్తున్నారు. ముందు ఇన్నయ్య, నీళ్ళపాత్ర పట్టుకుని పాడుతూ. చివరి సమాధి దాటాక ఇంకొకటి తెల్లగా కనబడేసరికి ఇన్నయ్య పాట గొంతులోనే తెగింది. షెడ్డు ముఖం ఆయన ఎన్నడూ చూసినవాడు కాడు. ఆదాము మాటు చూసి కోడలి కోసం షాలేమ్‌రాజుకు సమాధి లేపేశాడనే అనుకున్నాడు. ఫాదర్ గారి ముందు రచ్చ చేయలేడు. కళ్ళతో మాత్రం ఆదామును అక్కడికక్కడే పాతిపెట్టాడు.

"ఇదెవరిది?" అన్నారు ఫాదర్ గారు.

 సరళ ఏడుపు ఒక్కటే వినబడుతోంది.

"మనదే ఫాదర్ గారూ," అన్నాడు ఆదాము.

ఫాదర్ గారు తలూపి నీళ్ళు చల్లారు. మానుమీద, మాను వెనక సందులో, కూలిన పునాదిమీద. ప్రార్థన చదివి ముందుకు పోయారు.

*

తెల్లారి వ్యాను తారురోడ్డు మీద ఆగింది. సుజన బాట వెంబడి నడిచి వచ్చి, పట్టా లేకపోవడం చూసి అడుగు వేగం పెంచి, దగ్గరికి వచ్చి నిలబడిపోయింది.

ఆమె అరవలేదు. మాను చుట్టూ ఒకసారి తిరిగింది. వాడిపోయిన బంతిపూలు తీసి పక్కన పెట్టింది. కరిగిపోయిన కొవ్వొత్తి మొదలును చూసింది. గోటితో వీపుమీద సున్నం గీకింది. కింద చెక్క కుంచె గీతల్లో నల్లగా మారి ఉంది. మద్దిలో వగరుంటుంది, సున్నం తగిలితే లోపలికంటా నల్లబడుతుంది. ఎంత రుద్దినా అది పోదని సుజనకు తెలుసు.

"నిన్ను చూడమని చెప్పి వెళ్ళాను కదా."

"చూసిన మేడమ్."

"చూసి?"

"ఆపలే."

"ఎందుకు?"

ముత్యాలమ్మ "కడుగుత మేడమ్," అని పోయి బోరింగు నుంచి బకెట్టు నిండా నీళ్ళు తెచ్చింది. కొంగు నడుముకు చెక్కి, రెండు చేతులూ బకెట్టులో ముంచింది.

"అబ్బా!"

చేతులు పైకి లాగింది. అరచేతులు ఎర్రగా, వేళ్ళ సందుల్లో చర్మం లేచి, గీతల వెంబడి పగుళ్ళు. అవి తనవేనా అన్నట్టు తిప్పి తిప్పి చూసుకుంది. 

"మామా," అంది, పక్కనే ఉన్న ఆదాముతో. "మండుతున్నయి మామా."

"మండవా మరి," అన్నాడు ఆదాము. బకెట్టు పక్కకు జరిపాడు.

అప్పుడే ఇన్నయ్య పంచె ఎగ్గట్టుకుని, కొలతాడు భుజాన వేసుకుని పరుగున వచ్చాడు. సంగతి ఆయనకు దారిలోనే మంగీలాల్ చెప్పేశాడు.

"ఆగుండ్రి, ఆగుండ్రి! కడగొద్దు, కదిలియ్యొద్దు!"

"ఇది సమాధి కాదండీ. నా బొమ్మ," అంది సుజన.

"నిన్న మాపటిదాంక బొమ్మనే మేడమ్. ఫాదర్ గారు దీవెన నీళ్ళు చల్లినంక సమాధే." ఇన్నయ్య మానుకు అడ్డంగా నిలబడ్డాడు. "ఫాదర్ గారు మొద్దును దీవించిండని బయటికి పొక్కితే ఎంత నామోషీ? ఎప్పటికీ గిది గీడనే ఉండాలె."

మొన్నటికి మొన్న ఒక అంగీకి కూడా చోటివ్వనన్న మనిషి, ఇప్పుడు మొద్దుకు కాపలా కాస్తున్నాడు. గడ్డి పీకేనాడు నవ్విన ఆడవాళ్ళే మళ్ళీ పోగై నోళ్ళకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. "ఉండనియ్యిండ్రి మేడమ్, పాపం," అంది సరళ. "షాలేమన్నకు సమాధైతది."

సుజన ముత్యాలమ్మ వైపు తిరిగింది. ఏం తెలిసిందో, కోపం తగ్గిన గొంతుతో అడిగింది. "నీకు ఉంచమంటావా?"

ముత్యాలమ్మ చేతులు గాలికి పట్టుకుని మాను వైపు చూసింది. చెంపకింద చెయ్యి, ముడిచిన మోకాళ్ళు, తెల్లటి సున్నం. మెడ నుంచి మడమ దాకా మెల్లగా చూసింది.

"వద్దు మేడమ్. తీస్కపోండ్రి," అంది. "గది మా ఆయన గాదు ఉపదేశిగారు. గది నేను. నేను పండుకున్నట్టు చేసింది మేడమ్. నేనింక సావలే. నన్ను వ్యాను ఎక్కించుండ్రి."

ఎవరూ నవ్వలేదు. ఇన్నయ్య మాను వైపు చూశాడు. "మరి దీవెన?"

"ఫాదర్ గారు చల్లిన నీళ్ళు మానుమీదనే పడ్డయా ఉపదేశిగారు? జాగ మీద పడలేదా?"

ఇన్నయ్య అబద్ధం ఆడేరకం కాదు. అందులోనూ దీవెన నీళ్ళ విషయం. "రెండింటి మీద పడ్డయి," అన్నాడు.

"మరి మాను మేడమ్ది. జాగ మా ఆయనకు ఉంచుండ్రి."

ఇన్నయ్య ఆదాము వైపు చూశాడు, యానాం అంటాడేమోనన్నట్టు. ఆదాము కూలిన గోడలోంచి ఇటుకలు ఏరుకుంటున్నాడు, తలెత్తలేదు. ఇన్నయ్య భుజం మీద తాడు తీసి, దాన్నేం చేయాలో తెలియక మళ్ళీ భుజాన వేసుకుని, పక్కకు జరిగాడు.

వ్యాను కుర్రాళ్ళు మానుకింద బొంగులు దూర్చి ఎత్తారు. ఒకడు సున్నం తుడవబోతే సుజన వద్దంది. "నలుపు, తెలుపు, ఏది ఉంటే అది ఉండనివ్వండి. ఇట్లాగే వెళ్తుంది." ఎత్తాక ఆమె నేలవైపు చూసి అక్కడే ఆగిపోయింది. చుట్టూ చల్లిన సున్నం నేలమీద తెల్లగా గట్టిపడి ఉంది. మాను పడుకున్నంత మేరా మాత్రం తడిసిన ఎర్రమట్టి. వీపు వంపు, మోకాళ్ళ మలుపు, తల గుండ్రం. సుద్దముక్కతో తను గీసినదానికన్నా బాగా వచ్చింది.

సుజన వ్యాను దాకా పోయి మాన్లకు పూసే అవిసెనూనె డబ్బా తెచ్చింది. ముత్యాలమ్మ అరచేతుల్లో పోసి, మానుకు పట్టించినట్టే వేళ్ళ సందుల్లోకంటా మెల్లగా పట్టించింది. ముత్యాలమ్మ పళ్ళు బిగబట్టి, "మెల్లగ మేడమ్, మెల్లగ," అంటూ నిలబడింది. కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

వ్యాను వెళ్ళిపోయింది. ఆడవాళ్ళు ఇళ్ళకు పోయారు. ఆదాము ఏరిన ఇటుకల్ని మట్టి దులిపి తెచ్చి, తాపీ పక్కన పెట్టుకుని, ఆ ఎర్రటి ఆకారం తల దగ్గర మోకాళ్ళమీద కూర్చున్నాడు. మొదటి ఇటుక పెట్టి తాపీ పిడితో తట్టాడు.

"గట్ల గాదు మామా," అంది ముత్యాలమ్మ.

ఆదాము తలెత్తాడు.

ఆమె నూనె చేతులు దూరంగా పట్టుకుని వచ్చి, ఆ ఆకారానికీ కూలిన పునాదికీ నడుమ ఉన్న సందును కాలితో చూపించింది.

"జెర అవతలికి కట్టు. ఆయన ఎప్పుడూ గోడ దిక్కు పండుకునేటోడు."